మూడు దెబ్బలకు జవాబు

అనుమానం పెనుభూతం అంటారు. ఆ నైలాన్ ఫ్యాక్టరీలో బావకి ఆ భూతంతో పాతికేళ్ళ స్నేహం. తను బిగించిన బోల్టునే మళ్ళీ తట్టి చూసే రకం. అందుకే రియాక్టర్‌లోకి ఎవరు దిగినా, పైన మ్యాన్‌హోల్ దగ్గర కాపలా ఆయనదే.

రెండు నిలువుల లోతున్న ఆ ఉక్కు పాత్రలో నైలాన్ ఉప్పు అనే ముడిసరుకు కరిగించిన నీళ్ళు పోసి, మూత బిగించి, ఒత్తిడిలో గంటలకొద్దీ ఉడికిస్తారు. నీరంతా ఆవిరైపోయాక తేనెలా చిక్కబడ్డదాన్ని అడుగునుంచి తాళ్ళలా లాగి, చల్లార్చి, గింజలుగా కోస్తారు. కొన్నాళ్ళకి గోడలకి నల్లటి మాడు పడుతుంది. దాన్ని మనిషి దిగి గీకాల్సిందే. గాలి తగిలితే సరుకు పాడవుతుందని మామూలు రోజుల్లో లోపల నైట్రోజన్ నింపుతారు. దానికి రంగూ వాసనా ఉండవు. రెండు గుక్కలు పీలిస్తే మనిషి కుప్పకూలతాడు.

ఆ మధ్యాహ్నం దిగింది ఆయన బావమరిది. చేరి వారమైంది. "మా తమ్ముణ్ణి ఎలా తీసుకెళ్తున్నావో అలాగే తీసుకురా" అని పొద్దున భార్య ఒకటికి రెండుసార్లు చెప్పింది. బావ దగ్గరుండి నైట్రోజన్ గొట్టం ఊడదీయించాడు. లోపలికి మంచి గాలి పెట్టించాడు. కుర్రాడి చొక్కాకి గాలి మీటరు తగిలించి, నడుముకి తాడు తనే కట్టాడు.

ఐదు నిమిషాలకోసారి పైనున్నవాడు స్పానర్‌తో మూడు దెబ్బలు కొట్టాలి. లోపలివాడు మూడు కొట్టాలి. తగ్గితే పైకి పిలిచెయ్యాలి. ఎక్కువైతే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు.

మొదటిసారి మూడు. రెండోసారి మూడు. మూడోసారి మూడు వినిపించాయి... ఆ వెంటనే, ఇంకాస్త కిందనుంచి, మరో మూడు.

"ఒరేయ్, వేళాకోళమా?" అని అరిచాడు బావ. గాలి గొట్టం హోరులో జవాబు తెలియలేదు. ఇది ఫోర్‌మాన్ కొంటెపనేమోనని బావ రెయిలింగ్ మీదుగా కిందికి తొంగి చూశాడు. పాత్ర చుట్టూ ఎవరూ లేరు. చెవి ఆనించి విన్నాడు. కొమ్ము కాలినట్టు మాడు వాసన. గర్... గర్... రెండు చోట్ల గీకుతున్న చప్పుడు. కుర్రాడికిచ్చింది ఒక్క గీకుడు బద్దే.

బావ తాడు గుంజాడు.

నిచ్చెనమీద బరువుగా అడుగులు. బావమరిది తల పైకి వచ్చింది. బావ చెయ్యి చాచాడు. వాడు అందుకోలేదు. ఆయన మొహంలోకి చూశాడు. కిందికి చూశాడు. మళ్ళీ పైకి చూశాడు.

"నువ్వెవరు?" అన్నాడు గుసగుసగా.

"మతి పోయిందా? గ్యాస్ తలకెక్కిందిరా నీకు. చెయ్యివ్వు."

"మా బావ లోపలున్నాడు. ఇందాకే దిగాడు. నా పక్కనే గీకుతున్నాడు."

వాడి చొక్కామీద మీటరు పచ్చగా వెలుగుతోంది. గాలి బాగానే ఉంది.

"ఒరేయ్... నేనేరా. మీ అక్క మొగుణ్ణి."

వాడు మెట్టు దిగాడు. "పైనుంచి ఎవరు పిలిచినా చెయ్యివ్వొద్దన్నాడు."

నడుము దగ్గర ముడి విప్పుకున్నాడు. తల చీకట్లోకి జారింది. తాడు బావ చేతిలో తేలికగా వేలాడింది.

"ఎవరైనా రండి!" గొంతు చించుకున్నాడు బావ. ఫోర్‌మాన్ పరుగెత్తుకొస్తున్నా ఇంకా మెట్ల మొదట్లోనే ఉన్నాడు. కాపలా ఉన్నవాడు ఎట్టి పరిస్థితిలోనూ దిగకూడదు. ఆ మాట కొత్తవాళ్ళందరికీ చెప్పేది ఆయనే. కానీ లోపలున్నది ఇంటి పిల్లాడు. ఒట్టి చేతులతో వెళ్ళి భార్యకి మొహం ఎలా చూపిస్తాడు?

మ్యాన్‌హోల్‌లో ఒక కాలు పెట్టాడు. వెచ్చటి గాలి మోకాలిదాకా పాకింది. గీకుడు ఆగిపోయింది.

అడుగునుంచి ఒక గొంతు వినిపించింది. బొంగురుగా, తాపీగా... అచ్చం ఆయన గొంతే.

"కాస్త జరగరా. ఇంకొకడు దిగుతున్నాడు."