జర ఆగు సారూ

సుబ్రహ్మణ్యంగారింట్లో పొద్దున కాఫీలు పూర్తయ్యేలోపు "వద్దు" అన్న మాట కనీసం మూడుసార్లు వినిపిస్తుంది. పాలవాడు ఇంకో ప్యాకెట్ ఇవ్వబోతే వద్దు. భార్య సుబ్బలక్ష్మి ఇంకో గ్లాసు కాఫీ కలపనా అంటే వద్దు. నీటిపారుదల శాఖలో ఫైళ్లని నెలల తరబడి కదలనివ్వని మనిషి, ఇంట్లో మాత్రం అన్నీ క్షణంలో తేల్చేస్తారు.

ఆ రోజు మూడో వద్దు కూతురు ఉమాశ్రీకి తగిలింది.

"నాన్నా, ఇంకో ఆర్నెల్లు..."

"వద్దు. హైటెక్ సిటీలో ఉద్యోగం నిన్ను వెతుక్కుంటూ వచ్చింది. పన్నెండింటిలోపు ఫోన్ చేసి చేరతానని చెప్పు. బొమ్మలాటలు చాలు."

ఆ ఫోన్ దగ్గరుండి చేయించడానికే ఆయన సెలవు పెట్టారు.

ఉమాశ్రీ ఏడాదిగా వెనకగదిలో ఒక్కతే కూర్చుని వామనగుంటల ఆటని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తోంది. గుంటలు తనే గీసింది, చింతపిక్కల చప్పుడు తనే రికార్డు చేసింది. పదకొండుసార్లు మార్చి రాసింది. అయినా ఎవరికి చూపించినా ఒక్క ఆట ఆడి లేచి వెళ్లిపోతున్నారు. రెండోసారి ఆడని ఆటని ఎవరు కొంటారని తండ్రి అడుగుతున్నారు.

కింది వాటాలో ఉండే ఇంటి యజమానురాలు చంద్రమ్మ కరివేపాకు ఇవ్వడానికొచ్చి ఆ పిల్ల మొహం చూసింది. ఈ కొండాపూర్ పల్లెగా ఉన్నప్పటి మనిషి. వామనగుంటల్లో ఆమెని ఓడించినవాళ్లు లేరు. కిందటివారం ఆమె కూడా ఒక్క ఆటతో లేచి వెళ్లిపోయింది.

"చంద్రమ్మగారూ, నిజం చెప్పండి. నా ఆట ఎందుకు నచ్చలేదు?"

"ఆట మంచిగనే ఉంది బిడ్డా. గా కంప్యూటర్ డబ్బతోనే పరేషాన్. నేను గింజలు పంచి చెయ్యి తియ్యకముందే అది ఆడేస్తది. నేనేం ఆడిననో చూసిందా, లేదా? ఎదుటోళ్లు జర సోంచాయిస్తే గదా నా ఆటకు ఇజ్జత్!"

ఎదుటివాళ్లు ఆలోచించడమా! ఉమాశ్రీకి ఆ సంగతి తట్టనేలేదు. ఎంత వేగంగా ఆడితే అంత గొప్ప అనుకుని, ఆ వేగం కోసమే నెలరోజులు రాత్రింబవళ్లు కష్టపడింది మరి. గబగబా వెళ్లి కొన్ని లైన్లు మార్చింది. ఇప్పుడు కంప్యూటర్ వంతు రాగానే తెరమీది బొమ్మచెయ్యి ఒక గుంట దగ్గర ఆగుతుంది, పక్కదాని మీదికి జరుగుతుంది, వెనక్కొస్తుంది, అప్పుడు పిక్కలు తీస్తుంది.

చంద్రమ్మ కూర్చుంది. ఆడింది, ఓడింది. లేవలేదు.

"ఇగ మళ్ల పెట్టు, దీని సంగతి చూస్త!"

పదకొండున్నరకి సుబ్రహ్మణ్యంగారు గుమ్మంలోకి వచ్చారు. తెరమీద చెయ్యి కదలకుండా ఉంది.

"ఏమైంది, ఆగిపోయిందా? నే చెప్పలేదూ..."

"జర ఆగు సారూ," చంద్రమ్మ తల తిప్పకుండానే అంది. "అది సోంచాయిస్తున్నది."

ఉమాశ్రీకి నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపూ వచ్చింది.

"ఆ డబ్బాకి ఆగడం నేర్పాను నాన్నా. మిమ్మల్ని ఒక్కసారి ఆగమని అడగలేకపోయాను. చిన్నప్పటి నుంచీ నా మాట పూర్తయ్యేదాకా ఎప్పుడైనా ఆగారా? మీరు కాదన్నందుకు కాదు నా బాధ, వినకుండా కాదన్నందుకు."

వంటింటి గుమ్మంలో సుబ్బలక్ష్మి కూతుర్ని కసరబోయి ఊరుకుంది. ముప్ఫై ఏళ్లుగా తను మింగుతున్న మాటే అది.

సుబ్రహ్మణ్యంగారు నోరు తెరిచారు. ఏం వస్తుందో అందరికీ తెలుసు. కానీ రాలేదు. మెల్లగా స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"వింటే కాదనలేనేమోనని భయమమ్మా," అన్నారు. "అందుకే ముందే అనేస్తాను. చెప్పు. ఇవాళ మొత్తం చెప్పు."

ఉమాశ్రీ కళ్లు తుడుచుకుని చెప్పింది. ఆట గురించి, ఇంకా మిగిలిన పని గురించి, తన భయాల గురించి కూడా. ఆయన ఒక్కసారీ అడ్డు రాలేదు. మధ్యలో గోడగడియారం పన్నెండుకి దగ్గరపడింది.

"ఆ కంపెనీవాళ్లకి ఫోన్ చెయ్యి," అన్నారు చివరికి. "చేరలేనని మర్యాదగా చెప్పు."

ఉమాశ్రీ తండ్రి మోకాలి మీద తల ఆన్చి వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన ఆ తల నిమురుతూ కూర్చున్నారు.

"ఏమండీ, ఇంకో గ్లాసు కాఫీ కలపనా?" అడిగింది సుబ్బలక్ష్మి, అలవాటుగా.

ఆయన ఆలోచిస్తున్నారు. ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుని, జవాబు కోసం అక్కడే నిలబడింది.