నాలుగో ఇంటికీ ఐదో ఇంటికీ మధ్య గోడ

దుమ్ముగూడెం దాటి గోదావరి గట్టు వెంట కొంచెం దూరం పోతే, ఏడిళ్లు భుజం భుజం ఆనించుకుని నిలబడ్డ ఎర్ర ఇటుకల వరస ఒకటి కనపడుతుంది. ఇంగ్లండు రాణి ఏలిన కాలంలో, నది మీద పనులు చేయించిన తెల్లదొరలు తమ మనుషుల కోసం కట్టించారు. వాళ్ల దేశంలో వీధి ఎట్లా ఉంటుందో అట్లాగే తెచ్చి ఇక్కడ దించేశారు. ఇంటికీ ఇంటికీ సందు లేదు, ఇద్దరికీ కలిపి ఒకటే గోడ. తలుపుల మీద వంగిన ఇటుక కమానులు, ఇంటికో పొగగొట్టం. మే నెలలో కాకులు కూడా నీడ వెతుక్కునే ఈ చోట చలిమంటకు పొగగొట్టాలేమిటని ఖయ్యూం మేస్త్రీ నవ్వుకోని రోజు లేదు.

ఏడిళ్లకూ కలిపి ఒకటే పెంకుల కప్పు. దాని కింద అటక ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అడ్డం లేకుండా పోతుంది. మూడో ఇంట్లో దగ్గితే ఆరో ఇంట్లో వినపడుతుంది. ఏ ఇంట్లో దగ్గారో మాత్రం ఎవరూ చెప్పలేరు.

సర్కారు దీన్ని రక్షిత కట్టడం అని ప్రకటించి బోర్డు పాతింది. ఇటుక కూల్చకూడదు, సిమెంటు ముట్టకూడదు, పాత పద్ధతిలో సున్నంతోనే మరమ్మతు చేయాలి. సున్నం పని తెలిసినవాళ్లు ఖమ్మం మొత్తంలో ఇద్దరో ముగ్గురో మిగిలారు. అందులో ఒకడు ఖయ్యూం. అరవై రెండేళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఇదే ఆఖరి గోడ అని కూతురు ఆఫియాకు మాటిచ్చి వచ్చాడు. ఆ మాట ఇచ్చినప్పుడు ఎంత హాయిగా అనిపించిందో ఆయనకే తెలుసు. నలభై ఏళ్ల అలసట ఒక్కసారి కూర్చోవడానికి చోటు అడిగినట్టయింది.

నాలుగో ఇంటికీ ఐదో ఇంటికీ మధ్య ఉన్న ఈ గోడ మందం సరిగ్గా ఒక ఇటుక పొడవు. అడ్డంగా పెట్టిన ఇటుకకు ఒక కొస నాలుగో ఇంట్లో ఉంటే రెండో కొస ఐదో ఇంట్లో ఉంటుంది. పుచ్చిన ఇటుకను ఇటు నుంచి లాగాలంటే అటు ఒక మనిషి చెక్క ఆనించి, భుజంతో నొక్కి పట్టుకోవాలి. ఆ మనిషి ముప్పై ఏళ్లుగా ముత్తక్క. అడవి పల్లెలో పుట్టింది, సున్నం కలపడంలో ఖయ్యూం కన్నా దిట్ట. ఇద్దరి మధ్య మాటలుండవు, అటక గొంతును ఎటో తీసుకుపోతుంది కాబట్టి. తాపీ పిడితో గోడ మీద ఒక దెబ్బ కొడితే, ‘తీస్తున్నా, పట్టుకో’. రెండు దెబ్బలంటే, ‘పట్టుకున్నా’. మూడంటే, ‘అయిపోయింది, వదిలెయ్’. గోడ తెరిచి ఉన్నప్పుడు అరవకూడదని, మూడు కొట్టకుండా ఎవరూ కదలకూడదని ఖయ్యూం తండ్రి పెట్టిన కట్టుబాటు.

ఆ రోజు పొద్దున్నుంచీ ముసురు. అన్నాలు తినేటప్పుడు ముత్తక్క కొంగు కప్పుకుని ముడుచుకుని కూర్చుంది.

"ఒళ్లు కాలుతున్నట్టుంది అక్కా," అన్నాడు ఖయ్యూం.

"గోలీ ఏసుకున్న. ఏం కాదు. ఈ గోడ సంగతి నీకెరుకనా మేస్త్రీ? మా పెద్దోళ్లు చెప్పేటోళ్లు. దీన్ని లేపేటప్పుడు అటు దిక్కు ఒకడు పట్టుకోని ఉండెనట. వాన జోరుగ వచ్చిందని ఇటు దిక్కోళ్లంత ఉరికిండ్రట. వదులు అని వానికి ఎవ్వలు చెప్పలే."

"తర్వాత?"

"తర్వాతేముంది. గోడైతే పడలే."

ఖయ్యూం నవ్వాడు. ముత్తక్క నవ్వలేదు. లేచి ఐదో ఇంట్లోకి పోయింది.

మధ్యాహ్నం పని సాఫీగా సాగింది. మోకాలెత్తున, చెమ్మ ఎక్కి పుచ్చిన వరస అది. ఒక దెబ్బ కొట్టగానే అటు నుంచి రెండు. ఇటుక లాగడం, కొత్తది సున్నంలో కూర్చోబెట్టడం. మళ్లీ ఒకటి, మళ్లీ రెండు. ముత్తక్క ఈ రోజు తంబాకు కోసం కూడా ఆగలేదు. జ్వరం మీద ఇంత పని చేస్తోందే అని ఖయ్యూంకు జాలేసింది. పక్కపక్కనే పుచ్చిన ఐదు ఇటుకలను ఒకేసారి తీయాల్సి వచ్చిన చోట వంగి, ఆ సందులోకి మెల్లగా అన్నాడు.

"శాన అలిసిపోయినవ్ అక్కా. ఈ వరస అయినంక నువ్వు పోయి కూసో. నేను పట్టుకుంటలే."

అటు నుంచి ఒక నిట్టూర్పు వచ్చింది. పొడుగ్గా… చాలా పొడుగ్గా… మనిషి ఊపిరి అంతసేపు ఉండదు. దానితోపాటు నది అడుగు బురద వాసన వచ్చింది.

ఖయ్యూం చెంప గోడకు ఆనించి సందులోంచి చూశాడు.

గోడ పక్కనే గోనెసంచి మీద ముత్తక్క పడుకుని ఉంది. నెత్తి దాకా కొంగు కప్పుకుంది. కాళ్ల కడియాలు కనపడుతున్నాయి. అన్నం తిన్నప్పటి నుంచి అట్లాగే ఉన్నట్టుంది, ఇంతసేపూ రాలిన సున్నపు పొడి ఆమె మీద పలచగా పేరుకుంది.

ఆమెకు పైన, సందు పై అంచున, చెక్క గోడకు బిగుతుగా ఆని ఉంది.

దాన్ని పట్టుకున్న మనిషి కాళ్లు అక్కడ లేవు.

ఖయ్యూంకు లేచి పారిపోవాలనిపించింది, సిగ్గు పడకుండా చెప్పాలంటే ఆ క్షణాన ఆయనకు వేరే ఆలోచన రాలేదు. కానీ ఐదు ఇటుకలు బయట ఉన్నాయి. వాటి మీద మనిషి ఎత్తుకు మూడింతల గోడ, ఆ పైన పొగగొట్టం. అటు చెక్క జారితే అదంతా ముత్తక్క మీదనే.

"ముత్తక్కా…" అన్నాడు గుసగుసగా. "అక్కా, లే… బయటికి పో…"

ఆమె కదల్లేదు. పని చూసే ఇంజనీరు సతీష్ పొద్దున్నే భద్రాచలం పోయాడు. చుట్టూ వాన తప్ప ఎవరూ లేరు. అరిస్తే గోడ ఏమవుతుందో… పట్టుకున్నది ఏమవుతుందో…

పూడ్చాలి. ఐదూ పూడ్చాలి. చెప్పకుండా పూడ్చకూడదు.

తాపీ తిప్పి పట్టుకున్నాడు. ఒక దెబ్బ కొట్టాడు.

రెండు వచ్చాయి.

మొదటి ఇటుక. సున్నం చేతుల మీద కారిపోతోంది. మళ్లీ ఒకటి.

రెండు.

మూడో ఇటుక దగ్గర జవాబు ఆలస్యమైంది. ఠక్… చాలాసేపటికి… ఠక్. పైనుంచి పొడి రాలింది. గోడ లోపల ఎక్కడో సన్నగా కిర్రుమంది.

"ఆగు," అని బతిమాలాడు ఖయ్యూం. "జర ఆగు అన్నా. ఇంక రెండే… అయిపోయింది…" ఎవర్ని ‘అన్నా’ అని పిలుస్తున్నాడో ఆయనకే తెలియదు. పట్టుకుని పట్టుకుని చచ్చిన భుజం ఎట్లా ఉంటుందో మాత్రం తెలుసు.

నాలుగోది కూర్చుంది. ఐదోది కూర్చుంది. సందుల్లో రాతి ముక్కలు దిగ్గొట్టి, నుదురు గోడకు ఆనించి మూడు దెబ్బలు కొట్టాడు.

అవతల చెక్క దబ్బున పడింది. ముత్తక్క కెవ్వుమంది. కాసేపటికి గోడలు పట్టుకుంటూ నాలుగో ఇంటి గుమ్మంలోకి వచ్చింది.

"పానం పోయిందనుకున్న మేస్త్రీ! కాళ్ల కాడనే పడ్డది చెక్క. కూసుందామని ఒరిగిన, నిద్ర వట్టింది. మరి ఇంత సేపు ఎవ్వలు పట్టుకున్నరు?" అని, చీకటి పడుతున్న వరండా వైపు చూసింది. "ఆ ఇంట్లకెల్లి ఎవ్వలో పోయిండ్రు. తడి సున్నం అడుగులున్నయ్, ఉత్త కాళ్లవి. గోదారి దిక్కు పోయినయ్."

"వచ్చిన అడుగులో?"

"లెవ్వు. పోయినయే."

ఖయ్యూం తాపీ సంచిలో వేశాడు. "పా అక్కా, పోదాం. సామాను ఉండనీ."

ఠక్.

గోడలోంచి ఒకే ఒక్క దెబ్బ.

పోవచ్చు. గుమ్మం నాలుగడుగులు. కానీ ఒక దెబ్బ వినపడితే చేతులు గోడ మీదికి పోవడం నలభై ఏళ్ల అలవాటు. ఆలోచన కన్నా ముందే రెండు అరచేతులూ ఇటుకల మీద ఆనాయి. ఆనగానే బరువు దిగింది. గోడది, పొగగొట్టానిది, ఏడిళ్ల కప్పుది. మోకాళ్లు కరకరమన్నాయి.

"ఏందది మేస్త్రీ? పా, జల్దీ."

"రాలేను అక్కా…" అన్నాడు మెల్లగా. "నేనే అన్న… నేను పట్టుకుంటలే అని."

ముత్తక్క ఆయన చేతుల వైపు, గోడ వైపు చూసింది. ఆమె ముఖంలో జ్వరం మత్తు దిగిపోయింది.

"నేను అటు పోయి మూడు కొడత."

"వద్దు… ఆ ఇంట్లకు పోకు… అక్కా…"

కడియాల చప్పుడు అప్పుడే వరండా దాటింది. ఖయ్యూం అరవలేకపోయాడు. అరిస్తే గోడ ఏమవుతుందో.

ఠక్. ఠక్. ఠక్.

బరువు పోయింది. నెత్తి మీది సున్నం బస్తా ఎవరో వచ్చి దించుకున్నట్టు. ఇంత తేలిక ఆయన ఎన్నో ఏళ్లుగా ఎరగడు. ఏడుపొచ్చింది. ఇంటికి పోవచ్చు. ఆఫియా చాయ్ పెడుతుంది. కూర్చోవచ్చు.

చేతిలో తాపీ ఉంది. సంచిలోంచి ఎప్పుడు తీశాడో గుర్తులేదు.

ఆ తాపీ పిడి గోడకు తగిలి ఒక్క దెబ్బ వినపడింది, ఇటు నుంచి.

అవతల ముత్తక్క ఆలోచించలేదు. ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ, వెంటనే, ‘పట్టుకున్నా’ అని రెండు దెబ్బలు కొట్టింది.