ఎర్ర నాలుక

సుమనను డాన్సు బట్టల్లోనే మార్చురీకి తెచ్చారు.

పచ్చ లంగా. మెరుపుల ఓణీ. కాళ్లకు గజ్జెలు. పెదాల మీద వేసిన ఎర్ర రంగు ఇంకా చెదరలేదు. ఐదో తరగతి పిల్ల.

ఎస్.ఐ. యుగేందర్ మళ్లీ గుడ్డ కప్పేశాడు.

"పురుగుమందు," అన్నాడు డ్యూటీ డాక్టర్. "ఏడుగురికీ ఒకటే లక్షణాలు. కంటిపాపలు సూదిమొనంత అయినయి. నోట్ల నురగ. ఈ పాపను తెచ్చేసరికే ఊపిరి లేదు. మిగతా ఆరుగురిని వరంగల్ పంపినం. అందులో చిన్నోడు కష్టమే."

"ఎంతసేపటి ముందు లోపలికి పోయి ఉంటది?"

"అరగంట కావచ్చు. రెండు గంటలు కావచ్చు. గట్టిగ చెప్పలేం."

ఆ మాటను యుగేందర్ అప్పుడు పట్టించుకోలేదు. అందరిలాగే అతనూ అన్నం గురించే ఆలోచిస్తున్నాడు.

మహబూబాబాద్ జిల్లాలో, మిర్చి చేల నడుమ రేగులతండా. అక్కడి ప్రైమరీ స్కూల్లో ఇరవై ముగ్గురు పిల్లలు, ఒక్క టీచరు. ఏప్రిల్ నెల. ఇంకో వారంలో బడికి సెలవులు. ఐదో తరగతి పిల్లలు బడి విడిచి పోతున్నారని ఆ రోజు వార్షికోత్సవం పెట్టుకున్నారు. బెలూన్లు కట్టారు. పాటలు, డాన్సులు. పన్నెండున్నరకు అన్నం, పప్పు, కోడిగుడ్డు. తింటూ తింటూనే పిల్లలు ఒరిగిపోయారు.

నేరం ఎవరిదో తండా గంటలోనే తేల్చేసింది.

ఓదెమ్మది. పక్క ఊరి నుంచి వచ్చి బడిలో వంట చేసే ముసలామె. వారం కింద సుమన తల్లి సోమ్లీకీ ఆమెకూ పెద్ద గొడవ జరిగింది. ఇప్పుడు సుమన పోయిందని తెలియగానే తండా జనం ఆ ఊరికి పోయి ఆమె ఇంటి పెంకులన్నీ పగలగొట్టారు. ముందు నిలబడ్డవాడు సుమన తండ్రి హీర్యా. అతని పక్కనే జాల్యా. వరంగల్ పోయిన పిల్లల్లో అందరికంటే చిన్నవాడు, ఒకటో తరగతి కల్యాణ్, జాల్యా కొడుకే.

యుగేందర్ ఓదెమ్మను స్టేషన్‌కు తెచ్చి కూర్చోబెట్టాడు. ప్రశ్నించడానికి కొంత. ప్రాణం కాపాడడానికి కొంత.

"పప్పుల ఏం కలిపినవ్ అవ్వా?"

"ఉప్పు కలిపిన. కారం కలిపిన."

"సోమ్లీతోని కొట్లాట ఎందుకైంది?"

"పప్పు నీళ్లలెక్క ఉందన్నది. నాకిచ్చిన పప్పే గంత సారూ. నేనేం జేద్దు?"

"పిల్లలకు పెట్టకముందు నువ్వు తిన్నవా?"

"గదే గిన్నెల తిన్న. నాకేం గాలే." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "గదే నా తప్పయింది."

ఆ రాత్రి యుగేందర్‌కు నిద్ర పట్టలేదు. ఒకే గిన్నె. ఒకే గరిటె. ఇరవై ముగ్గురు తిన్నారు. పడిపోయింది ఏడుగురు. అందులో ఆరుగురు ఐదో తరగతి వాళ్లు, అంతా డాన్సు చేసినవాళ్లే. మేకప్ సామానులో ఏమైనా ఉందా? కానీ కల్యాణ్ డాన్సులో లేడు. వాడెందుకు పడ్డాడు?

పొద్దున్నే టీచర్ స్వప్న ఇంటికి పోయాడు. ఆమె కళ్లు వాచి ఉన్నాయి.

"వడ్డించేటప్పుడు వీడియో తీసినరా మేడం?"

"లేదు సార్. డాన్సు ఒక్కటే తీసిన."

ఆమె ఫోన్ అందించింది. వీడియో టైమ్ పదకొండు నలభై.

గది నిండా గోల. ఈలలు. ఆరుగురు పిల్లలు ఒకరి కాలు ఒకరు తొక్కుకుంటూ ఎగురుతున్నారు. సుమన స్టెప్పు మరిచిపోయి పకపకా నవ్వింది. ముందు వరసలో కల్యాణ్ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. ఫోన్ వైపు తిరిగాడు. నాలుక చాపి వెక్కిరించాడు.

యుగేందర్ అక్కడ ఆపాడు.

"వీనికి కూడా మేకప్ వేసినరా?"

"లేదు సార్. ఐదో తరగతికే వేసిన."

"మరి నాలుక ఎందుకింత ఎర్రగుంది?"

స్వప్న ఫోన్ దగ్గరికి తీసుకుని చూసింది. "షర్బత్ తాగిండు కావచ్చు. పొద్దున సుమన వాళ్ల బాపు హీర్యా తెచ్చి, వెనక వరండాల తయారవుతున్న పిల్లలకు పోసిండు. వీడు ఆడనే తిరిగిండు. మిగతావాళ్లకు మధ్యాహ్నం ఇంకో క్యాన్ తెస్తనన్నడు."

"నిన్న నాకు చెప్పలేదేం?"

"మీరు అన్నం గురించే అడిగినరు సార్."

యుగేందర్ ఆ వీడియోను తన ఫోన్‌కు పంపించుకున్నాడు.

మధ్యాహ్నం సుమనను తండాలోనే పూడ్చిపెట్టారు. ఆ తర్వాత యుగేందర్ హీర్యాను ఒక్కణ్నే పక్కకు పిలిచాడు. అతను రానన్నాడు.

"ఏదున్నా అందరి ముంగట చెప్పు సార్. ముసలిదాన్ని దాస్తున్నరని తండా అంత అంటున్నది."

అలా అందరూ బడిలో కూడారు. బెలూన్లు సగం గాలి దిగి వేలాడుతున్నాయి. మహిళా కానిస్టేబుల్ అండాలు, హీర్యా ఇంటి చూరు కింద దొరికిన తెల్ల ప్లాస్టిక్ క్యాన్ తెచ్చి టీచర్ బల్ల మీద పెట్టింది.

"ఈ క్యాన్ నీదేనా అన్నా?" అడిగాడు యుగేందర్.

"నాదే. షర్బత్ తెచ్చిన."

"అంతకుముందు దీంట్ల ఏముండె?"

హీర్యా క్యాన్ వైపు నుంచి ముఖం తిప్పుకున్నాడు.

"వీడియో పదకొండు నలభైకి తీసిండ్రు. అన్నం పన్నెండున్నరకు. అన్నం ముట్టకముందే ఏడుగురి నోళ్లు ఎర్రగున్నయి. ఆరుగురిది రంగు అనుకున్నం. కల్యాణ్‌కు రంగు వెయ్యలే. వాని నాలుక మీదున్నది షర్బత్. అది తాగినోళ్లే పడిపోయిండ్రు. అన్నం ఒక్కటే తిన్నోళ్లకు ఏమీ కాలే. ఓదెమ్మకు ఏమీ కాలే."

"మిర్చికి కొట్టిన మందు క్యాన్ అది," హీర్యా గొంతు పెద్దదైంది. "అయితేంది? సబ్బుతోని మూడు మాట్లు కడిగిన! లోపల చూడున్రి, తళతళ మెరుస్తది!"

"లోపల శుభ్రంగనే ఉన్నది అన్నా. పిడి చూడు."

యుగేందర్ క్యాన్ పైకెత్తాడు. ప్లాస్టిక్ పిడి. లోపల బోలు. ఎంత కడిగినా చెయ్యి చేరని చోటు. క్యాన్ వంచిన ప్రతిసారీ షర్బత్ ఆ బోలులోకి పోయి, అక్కడ మిగిలిన మందును వెంట తెచ్చుకుంది.

క్యాన్ తలకిందులు చేసి పిడిని బల్ల అంచుకు కొట్టాడు. కింద పెట్టిన నీళ్ల గ్లాసులో రెండు చుక్కలు పడ్డాయి. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి.

వాసన గదంతా పాకింది. అందరూ మిర్చి రైతులే. ఆ వాసన తెలియనివాళ్లు అక్కడ ఎవరూ లేరు.

"ల్యాబ్ రిపోర్టు రావాలె," అన్నాడు యుగేందర్. అనవసరమైన మాట అని అతనికే తెలుసు.

హీర్యా గ్లాసు వైపే చూస్తున్నాడు. "వాసన చూసిన సార్. సబ్బు వాసనే వచ్చింది."

"నువ్వు తాగలేదా?"

"మొదటి గ్లాసు నా బిడ్డ నాకే ఇచ్చింది. పిల్లలకు తక్కువైతదని నేనే వద్దన్న."

గది వెనక ఎవరిదో ఫోన్ మోగింది. జాల్యాది. వరంగల్ నుంచి అతని భార్య. అతను విన్నాడు. అవతల ఏడుపు బయటికి వినిపించింది. ఆగిపోయింది. ఫోన్ మాత్రం చెవి దగ్గరే ఉంది.

జాల్యా మెల్లగా నడిచి వచ్చి హీర్యా ఎదుట నిలబడ్డాడు. యుగేందర్ అడ్డం వెళ్లబోయాడు. అవసరం రాలేదు.

"అన్నా, కల్యాణ్‌కు నువ్వే పోసినవా?"

"నేనే పోసిన." హీర్యా తల ఎత్తలేదు. "తాగి పోయి, మళ్లొచ్చి గ్లాసు చాపిండు. మళ్ల పోసిన."

తర్వాత రెండు చేతులూ యుగేందర్ ముందుకు చాపాడు. యుగేందర్ బేడీలు బయటికి తియ్యలేదు.

జాల్యా తిట్టలేదు. కొట్టలేదు. పక్కనున్న చిన్నపిల్లల బెంచీ మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

"వానికి తీపంటే పాణం," అన్నాడు.