పిట్ట దూరిన గొట్టం

భూమి అడుగున, కణాల జాడ పట్టే మేడంత డిటెక్టర్ ముందు కూర్చుని ఆమె బూట్లకు తొడుగులు వేసుకుంటోంది. అందరూ ఆమెను పిట్ట అంటారు. ఒంటిమీద చారెడు కండ లేని మనిషి కాబట్టి, డిటెక్టర్ నడిమధ్యనున్న గొట్టంలోకి దూరే పని ఎప్పుడూ ఆమె నెత్తినే పడేది.

కణాలను ఢీకొట్టించే యంత్రాన్ని ఆపేసి చాలాకాలమైంది. మళ్లీ మొదలుపెడితే ఢీకొనే కణాలు మునుపటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ ధాటికి పాత సెన్సర్లు పాడైపోతాయని, వాటిని తీసేసి కొత్తవి బిగించారు. చివరి కేబుళ్లు కలిపితే ఆమె పని అయిపోయినట్టే.

గొట్టం నోటికి ఉక్కు తలుపు. దాన్ని పట్టాల మీద జరిపేది ఆమె మొగుడే. పాప బడి నుంచి వచ్చే వేళకు ఇల్లు చేరాలని తొందరపెట్టాడు. ఇల్లు ఎంతో దూరం లేదు, గేటు దాటి పైకెళితే ఎదుటి వీధిలోనే.

"నువ్వు వచ్చేశానంటేనే మూస్తాలే," అన్నాడు, రోజూ అనే మాటే.

ఆమె చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని లోపలికి జారింది. ముక్కుకు జానెడు దూరంలో కేబుళ్ల గుత్తులు. జిగురు వాసన, చల్లటి ఇనుము వాసన. తన ఊపిరే తిరిగొచ్చి మొహానికి తగులుతోంది. కేబుల్‌ను దాని చోట నొక్కినప్పుడల్లా టక్కుమంటుంది. చెవిలోని ఇయర్‌ఫోన్‌లో మొగుడి కూనిరాగం.

పని సగంలో ఉండగా కూనిరాగం ఆగింది.

"వచ్చేశానండీ. మూసేయండి."

ఆ గొంతు తనదే. చివర కాస్త సాగదీయడంతో సహా తనదే. కానీ తను నోరు విప్పలేదు.

కాళ్లవైపు వెలుతురు సన్నబడసాగింది. తలుపు గరగరమంటూ జరుగుతోంది. ఆపమని, లోపలే ఉన్నానని అరిచింది. అతనికి వినపడలేదు. ఆమెకు మాత్రం అంతా వినపడుతోంది. ఆ గొంతు ఏదో అంది. మొగుడు నవ్వాడు, తన దగ్గర మాత్రమే నవ్వే నవ్వు. అడుగుల చప్పుడు దూరమైంది...

చీకటి. మోచేతులు పక్కకు చాపే చోటు కూడా లేదు. ఎంత తన్నినా ఉక్కు తలుపు ఉలకలేదు. ఏడిస్తే గాలి ఖర్చనుకుని ఆమె పళ్లు బిగించింది. కేబుల్ ఊడితే పైన కంట్రోల్ గదిలో ఎర్రదీపం వెలుగుతుంది. వెలిగితే ఎవరో ఒకరు వస్తారు. తడుముకుని, తల పక్కనున్న కేబుల్ ఒకటి పీకింది.

చీకట్లో... టక్.

ఎవరో దాన్ని తిరిగి పెట్టారు.

ఇంకొకటి పీకింది. టక్. ఈసారి చెవి పక్కనే.

"నేనూ పీకి చూశాను," అంది ఒక గుసగుస. "లాభం లేదు..."

ఆమె నడుముకున్న కట్టర్ లాగి, చేతికందిన గుత్తినల్లా కోసేసింది. కోస్తూనే ఉంది. మణికట్టు మీద చల్లటి వేళ్లు పడ్డాయి. అప్పుడే ఎక్కడో సైరన్ మోగింది.

ఎంతసేపటికో తలుపు జరిగింది. మొగుడు ఆమెను కాళ్లు పట్టి బయటికి లాగాడు. అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు. నువ్వు నా ముందే నడిచావు, గేటు దాటి పైకెళ్లావు, వెనకనుంచి చూశానే తప్ప మొహం చూడలేదని గొణిగాడు.

ఇద్దరూ గేటు దగ్గరికి పరుగెత్తారు. కంటిని చూసి, మనిషికొకసారి తెరుచుకునే గేటు అది. ఆమె కన్ను ఆనించింది. అద్దం మీద అక్షరాలు వెలిగాయి: మీరు ఇప్పటికే బయటికి వెళ్లారు.

మొగుడు గోడకున్న ఫోన్ అందుకుని ఇంటికి చేశాడు. స్పీకర్లో పాప గొంతు.

"అమ్మ వచ్చేసింది నాన్నా," అంది రహస్యంగా. "మంచం కిందికి దూరింది. అక్కడ ఇరుగ్గా బాగుందట. నన్నూ రమ్మంటోంది..."

అతను ఫోన్ వదిలేసి కన్ను ఆనించాడు. గేటు అతని ఒక్కడికి తెరుచుకుని, మూసుకుంది. ఇవతల ఆమె వేలాడుతున్న ఫోన్‌ను చెవికి అదుముకుని, పాప పేరు పిలుస్తూనే ఉంది.

అటువైపు నుంచి పాప బడి బూట్లు విప్పుకుంటున్న చప్పుడు మాత్రం వినిపించింది. ముందు ఒకటి... తర్వాత రెండోది.