ప్రాబబిలిటీ ఒకటి

"ఓ గళ్ల అంగీ, ఆగు."

వేణుమాధవ్ ఆగలేదు. వానలో, గోదావరిఖని బస్టాండులో గళ్ల చొక్కాలు ఎన్ని ఉండవు? పైగా ఆ రోజు పీజీ కాలేజీలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ మొదటి క్లాసు. మంచిర్యాల నుంచి అతను ఎక్కిన బస్సేమో అరగంట లేటు.

"నిన్నే. చెవులు ఇంట్ల పెట్టొచ్చినవా?"

ఈసారి బస్టాండంతా తిరిగి చూసింది. అతను బస్సులో మరిచిన గొడుగు పట్టుకుని, అదే బస్సు దిగిన ఒక అమ్మాయి నిలువునా తడుస్తూ పరుగెత్తుకొస్తోంది. చేతిలో గొడుగుండి తడిసే మనిషిని అతను అదే మొదటిసారి చూడటం. గంట తర్వాత క్లాసులో పక్క బెంచీలో ఆమే కూర్చుని ఉంది. పేరు మమత. వాళ్ల నాన్న సదయ్య బొగ్గుబాయిలో పనిచేస్తాడు, ఉండేది కార్మికుల క్వార్టర్లలో.

"గొడుగు విప్పుకోకపోయినవా?" అని అడిగాడు.

"నాది కాని గొడుగు నేనెందుకు విప్పుత?"

ఆనాటి నుంచి ఆమె అతన్ని పిలిస్తే వెనక నుంచే పిలిచేది. వరండాలో, క్యాంటీన్ దగ్గర, బస్సు ఎక్కబోతుంటే, ఎక్కడైనా సరే అదే గొంతు, అదే గళ్ల అంగి. ఆ పిలుపు అతనికి ఎంత ఇష్టమైపోయిందంటే, ఒక్కోసారి కావాలనే నోట్సు బెంచీ మీద వదిలేసి వెళ్లేవాడు.

దానికి కారణం ఉంది. మంచిర్యాలలో వాళ్ల నాన్న లింగమూర్తికి బట్టల షాపు. బేరం కుదరక మెట్లు దిగిపోయే గిరాకిని "అక్కా, ఒక్క మాట ఇనిపో" అని వెనక్కి పిలవడం ఆ ఇంట్లో అందరికీ ఉగ్గుపాలతో వచ్చిన విద్య. కావలసిన వాళ్లనే వెనక్కి పిలుస్తారని వేణుమాధవ్ లెక్క.

ఎండలు మొదలయ్యాయి. మ్యాథ్స్ చదివి ఏం చేయాలన్నదే క్లాసులో అందరి ఫికరు. బీఎడ్ అని కొందరు, బ్యాంకు పరీక్షలని కొందరు. వేణుమాధవ్‌కి హైదరాబాద్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూకి లెటర్ వచ్చింది. సెలెక్టయితే మర్నాటి నుంచే పని. మెప్పిస్తే చదువయ్యాక అక్కడే ఉద్యోగం.

"నువ్వు గూడ అప్లై చెయ్యరాదు?" అన్నాడు మమతతో.

"నాకు గనుల ఆఫీసుల సమ్మర్ ట్రైనింగ్ దొరికింది. బాయిల గాలి ఏ దారిన ఎంత పోవాల్నో లెక్కలు గట్టుడు. మా నాయిన పీల్చే గాలికి లెక్క ఎట్ల గడ్తరో చూడాలె."

లైబ్రరీలో అతనికి ఇంటర్వ్యూ ప్రాక్టీసు చేయించేది కూడా ఆమే. లేని కళ్లద్దాలు సవరించుకుని మరీ అడిగేది.

"సదయ్య ఇయ్యాల సెకండ్ షిఫ్టుకు పోయిండు. డ్యూటీ దిగి ఇంటికొచ్చే ప్రాబబిలిటీ ఎంత?"

"ఒకటి. పక్కా వస్తడు."

"నిన్ను గేటు దాక సాగదోల్తరు. మనుషుల సంగతిల ఒకటి ఉండదు. డేటా అడగాలె, జరంత తక్కువ చెప్పాలె."

"నువ్వైతే ఏం చెప్తవు?"

మమత పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టింది. "ఇంటర్వ్యూల అయితే తక్కువే చెప్త. ఇంట్ల అయితే ఒకటే. మా అవ్వ ఇరవై ఐదేండ్ల సంది గా లెక్క మీదనే అన్నం వండుతున్నది."

వాళ్లమ్మ లెక్కను వేణుమాధవ్ తన నోట్సు అంచున రాసుకున్నాడు.

అయితే అతన్ని తొలిచేది ఇంకొకటి ఉంది. ఫిబ్రవరి నుంచి మమత అతన్ని పిలవడం మానేసింది. ఎదురుగా కూర్చుంటే బాగానే మాట్లాడుతుంది. లేచి వెళ్లిపోతే మాత్రం వెనక నుంచి ఒక్క పిలుపు లేదు. నోట్సు మరిచినా అంతే, మర్నాడు ఎదురొచ్చి చేతిలో పెడుతుంది. హైదరాబాద్ వెళ్లేవాడితో మనకెందుకని దూరం జరుగుతోందేమో అనుకున్నాడు. రాత్రుళ్లు ఆ మాటే మెదిలి దిగులేసేది.

ఏప్రిల్ చివర, ప్రయాణం రోజున బ్యాగు భుజాన వేసుకుని లైబ్రరీకి వచ్చాడు. ఈరోజు ఒక్కసారి పిలిస్తే మనసులో మాట చెప్పేయాలి, పిలవకపోతే ఇక ఎన్నటికీ ఎత్తకూడదు. అంత గట్టిగా అనుకున్నాడు.

"పోతున్న మరి."

"పోతున్న అనకు. పోయొస్త అను."

"పోయొస్త."

మెట్లు దిగి, వీలైనంత నెమ్మదిగా నడిచాడు. గేటు దగ్గర ఉండబట్టలేక తిరిగి చూశాడు. మమత మెట్ల మీదే ఉంది, చేతిలో ఏదో పట్టుకుని, పెదవులు బిగించి. మరికొంత దూరం పోయి మళ్లీ చూస్తే ఆమె లేదు. వేణుమాధవ్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

బస్టాండులోకి అడుగు పెట్టేసరికి ఎదురుగా మమత. ముఖమంతా చెమట, చెప్పులనిండా దుమ్ము, చేతిలో అతని నీలం ఫైలు.

"సర్టిఫికెట్లు టేబుల్ మీద వెట్టి, ఆడ ఏం జూపిస్తవు? నీ మొఖమా?"

"నువ్వెట్లొచ్చినవు?"

"క్వార్టర్ల ఎనుక సందులకెల్లి ఉరికిన."

"గేటు కాడ్నే ఉంటి గద. ఒక్క కేకేస్తె ఆగకపోదునా? గొడుగు కోసం గీ బస్టాండంత ఇనేటట్టు ఒర్రినవు. మూడు నెలల సంది నోరు తెరుస్తలేవు. నేనేం జేసిన?"

మమత చున్నీతో ముఖం తుడుచుకుంది. "డ్యూటీకి పోయేటోన్ని ఎనుక నుంచి పిలువద్దు. మా నాయిన టిఫిన్ మరిస్తే మా అవ్వ పెరట్లకెల్లి సుట్టు తిరిగి ఉరుకుతది. ఎదురుంగ పోయి ఇస్తది. పిలువదు."

"నేను బాయికి పోతున్ననా? మా షాపుల పొద్దంత ఎనుక నుంచి పిలుసుడే."

"బయటోళ్లనైతే నేను గూడ పిలుస్త." ఆమె చూపు ఫైలు మీదికి దిగింది. "ఇంటోళ్లను పిలువ."

ఇంత చిన్న లెక్క అర్థం కావడానికి ఎమ్మెస్సీ కుర్రాడికి కొంచెం సమయం పట్టింది.

"అంటే... ఫిబ్రవరి సందా?"

"తారీఖు గూడ చెప్పాల్నా? ఎక్కు, బస్సు కదుల్తున్నది."

ఎక్కాడు. ఆమె ఇచ్చిన ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కిటికీలోంచి చూస్తే మమత అప్పుడే కాలనీ వైపు నడిచి వెళుతోంది, వీపు ఇటు. పిలవబోయి, చప్పున నోరు మూసుకున్నాడు.

బస్సు మలుపు తిరిగి ఆమెను దాటింది. నాలుగడుగులు ముందుకు పోయాక అతను తల బయటికి పెట్టాడు. ఇప్పుడు ఆమె ఎదురుగా ఉంది.

"మమతా, నేను తిరిగొచ్చే ప్రాబబిలిటీ ఒకటి."

ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆమె నవ్వింది.

"ఇంటర్వ్యూల గిట్ల చెప్పకు," అంది.