నాలుగు స్టార్ల పెద్దమనిషి

గుంటూరు మిర్చి యార్డు నుంచి ఆటో బుక్ చేసుకోవడమంటే మాటలు కాదు. లొకేషన్ చూడగానే డ్రైవర్లు క్యాన్సిల్ కొట్టేస్తారు. ఎక్కినవాళ్ల బట్టల్లోని ఘాటుకి దారి పొడుగునా తుమ్ములే మరి.

శ్రీదివ్య ఒక్కతే క్యాన్సిల్ చేసేది కాదు. అందుకే యార్డులో గుమస్తాగా పనిచేసే శ్రీకృష్ణకి యాప్ రోజూ ఆమె ఆటోనే పంపేది. ముక్కుకి చున్నీ చుట్టుకుని, లారీల మధ్య నుంచి ఆమె ఒడుపుగా ఆటో తీస్తుంటే అతను దిగాల్సిన చోటు కూడా మర్చిపోయేవాడు.

ఆ సాయంత్రం ఆమె ముఖం వాడిపోయి ఉంది.

"ఏమైందండీ?" అన్నాడు.

"రేటింగ్ పడిపోయిందండీ. ఇంకాస్త తగ్గితే నా ఐడీ ఆపేస్తారంట. నాన్నేమో ఆటో అమ్మేద్దామంటున్నాడు. ఎవరో మహానుభావుడు రోజూ నాలుగు స్టార్లే కొడుతున్నాడు."

శ్రీకృష్ణ గతుక్కుమన్నాడు. "నాలుగంటే మంచిదే కదండీ?"

సడన్ బ్రేక్ పడింది. "మీరేనా?"

"మా లెక్కల మాస్టారు ఎంత బాగా రాసినా నూటికి ఎనభై దాటి వేసేవారు కాదు. ఎనభై వస్తే మా అమ్మ పాయసం చేసేది. ఆ లెక్కనే నేనూ..."

"ఇక్కడ పాయసం లేదండీ. నాలుగంటే ఫెయిలే."

ఇంటి ముందు దించేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. ఆ రాత్రి అతనికి అన్నం సయించలేదు.

మర్నాడు మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ల దగ్గరికి వెళ్లాడు. ఘాటుకి భయపడి ఏ ఆటో ఎక్కించుకోక, వాళ్లు రోజూ ఇళ్లకి నడిచే పోయేవారు. వాళ్ల ఫోన్లలో యాప్ వేసి బుక్ చేయడం నేర్పాడు.

"ఆటో మనకోసం గేటు దాకా వస్తుందా నాయనా?" అంది వాళ్లలో పెద్దదైన లాల్‌బీ.

"ఒకావిడ వస్తుంది. నచ్చితే ఐదు కొట్టండి. నాలాగా మాస్టారి వేషాలు వేయకండి."

ఆ రోజు నుంచి, చీకటి పడకముందే లాల్‌బీ ఇల్లు చేరేది. అమ్మ ఎక్కడిదాకా వచ్చిందో కూతురు ఫోన్‌లో చూసుకుంటూ టీ పెట్టేది. సీజన్ ముగిసేలోపే శ్రీదివ్య రేటింగ్ పైకి లేచింది. ఆటో అమ్మే మాట ఆగిపోయింది.

"లాల్‌బీ అంతా చెప్పింది," అంది శ్రీదివ్య ఒకరోజు, అద్దంలో అతన్ని చూస్తూ.

"నేనూ ఇప్పుడు ఐదే ఇస్తున్నానండీ. ఆటో బాగా నడుపుతారని ఒక్కటే కాదు. మీరంటే నాకు చాలా ఇష్టం."

ఆమె ఆటో వేగం తగ్గించింది. "మేం కూడా ప్యాసింజర్లకి రేటింగ్ ఇస్తాం, తెలుసా?"

"నాకెన్ని ఇచ్చారు?"

"నాలుగు."

అతని ముఖం పాలిపోయింది.

"ఐదోది మా నాన్న ఇవ్వాలి," అందామె నవ్వు ఆపుకుంటూ. "ఆదివారం ఇంటికి రండి. బుక్ చేయక్కర్లేదు, నేనే వచ్చి తీసుకెళ్తాను."