చేతికంటిన వెలుగు

“గీ కుర్చీల ఎవరన్న కూసున్నరా?”

ఆ గొంతు వినగానే మిర్చీ ప్లేటు వైపు చాచిన భూమిక చేయి ఆగిపోయింది. ఎదురుగా తడిసిన జుట్టుతో, భుజాన సంచితో శ్రవణ్. ఆమెను చూసి వెనుదిరగబోయాడు గానీ, ఆర్మూర్ బస్టాండు ముందున్న కాశీరాం హోటల్లో ఖాళీగా ఉన్నది ఆ ఒక్క కుర్చీయే. అకాల వాన దారిన పోయేవాళ్లందరినీ అక్కడికే తోలింది.

“కూసో,” అంది.

“పర్మిషన్ ఇచ్చినట్టేనా మేడం? తర్వాత కుర్చీ ఖరాబ్ చేసిండంటరేమో.”

భూమిక తల దించుకుంది.

హైదరాబాదులో ఒక ల్యాబులో ఆమె పీహెచ్‌డీ చేస్తోంది. డీఎన్ఏ పోగును లాగితే, మెలిపెడితే అందులోని జన్యువు ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు ఊరుకుంటుంది అన్నది ఆమె పరిశోధన. జన్యువు పనిచేస్తే ఆ కణం మైక్రోస్కోపు కింద పచ్చగా వెలగాలి. భీమ్‌గల్ నుంచి వచ్చిన శ్రవణ్ అక్కడ ప్రాజెక్ట్ అసిస్టెంటు; మైక్రోస్కోపు కింద కణాలు పెట్టే గాజు అద్దాలు కడిగేది అతడే. ఇద్దరిదీ ఒకే ప్రాంతం కావడంతో క్యాంటీన్లో నవ్వులు కలిశాయి. మనసులో మాట ఎవరూ చెప్పుకోలేదు గానీ, ఒకరు రాకపోతే ఇంకొకరి టీ చల్లారిపోయేది.

ఒకరోజు వెలగకూడని కణాలు కూడా వెలిగాయి.

“శ్రవణ్ అద్దాలు సరిగ్గా కడగలేదు సార్,” అని మీటింగులో అందరి ముందూ అనేసింది భూమిక. కడిగానని అతడు చెప్పినా ఎవరూ వినలేదు. నెలాఖరుకు అతని ఉద్యోగం పోయింది.

“ఎక్కడికి పోతున్నవ్?” అడిగింది ఇప్పుడు.

“హైదరాబాద్. రేపు ఏజెంట్‌కు పాస్‌పోర్ట్ ఇయ్యాలె. దుబాయిల ఒక దవాఖాన ల్యాబు. గాడ గూడ అద్దాలు కడుగుడే. మంచిగనే కడుగుత, ఫికర్ చెయ్యకుండ్రి.”

కాశీరాం రెండు టీలు పెట్టి, “జర జరుగు బిడ్డా, మిర్చీల మీద ఈగలు మస్తయినయి,” అంటూ గోడకున్న ఈగల మిషన్ స్విచ్ వేశాడు. నీలి ట్యూబు వెలిగింది. దాంతోపాటు, మబ్బుకు చీకటైన ఆ మూలలో, భూమిక రెండు చేతులూ పచ్చగా వెలిగాయి.

సెలవు మీద ఇంటికొచ్చి, పొద్దుటి నుంచి మార్కెట్ యార్డులో నాన్నతో కలిసి పసుపు కుప్పల మీద టార్పాలిన్లు కప్పిన చేతులవి. కడుక్కునే వచ్చింది. అయినా గోళ్ల చుట్టూ, అరచేతి గీతల్లో, వేలికొసల్లో అదే వెలుగు. ఇలాంటి నీలి కాంతి కిందే ఆమె మైక్రోస్కోపులో చూసిన వెలుగు.

ఆ ప్రయోగానికి ముందు రోజే ఇంట్లో పసుపు ఉడకబెట్టి ల్యాబుకు వెళ్లింది. గ్లౌజులు వేసుకోకముందు ఒక్కో అద్దాన్ని వేళ్లతో పట్టి చూడటం ఆమె అలవాటు.

శ్రవణ్ కూడా ఆ చేతుల వైపే చూస్తున్నాడు. నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఆమె చేతులు ఒళ్లో దాచుకుంది.

“నేనే,” అంది. “గా అద్దాల మీద వెలిగింది నా చేతి పసుపే. నిన్ను గంతమంది ముందట అంటి.”

“అన్నందుకు గాదు నా బాధ, భూమికా. అనేముందు నన్ను ఒక్క మాట అడుగకపోతివి.”

బయట హైదరాబాద్ బస్సు వచ్చి ఆగింది. శ్రవణ్ సంచి అందుకున్నాడు. భూమిక గబగబా ప్రొఫెసరుకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, జరిగినదంతా చెప్పింది.

“అంటే నువ్వు ముట్టుకున్న అద్దాలతో చేసినవన్నీ మళ్లీ చేయాలి. పేపర్ ఆగిపోతుంది, తెలుసా?”

“తెలుసు సార్. అందరి ముందు అన్నాను, మీటింగులో అందరి ముందే చెప్తాను. శ్రవణ్‌ను వెనక్కి పిలవండి.”

“పిలుస్తాను. వస్తాడా?”

ఫోన్ పెట్టేసి ఒక గుక్క టీ తాగి, అతని వైపు చూడలేక బల్ల వైపు చూస్తూ అడిగింది. “వస్తవా?”

“కొలువు కోసమా?”

“కాదు. నువ్వు పోయినంక క్యాంటీన్ల టీ తాగుడే బందు పెట్టిన.”

“గిప్పుడు తాగుతున్నవ్ గద.”

“గిప్పుడు నువ్వున్నవ్.”

అప్పుడే తువ్వాలు పిండుకుంటూ ఆమె తండ్రి దేవిదాస్ లోపలికొచ్చాడు. “ఎవరు బిడ్డా?”

భూమిక లేచి నిలబడింది. “శ్రవణ్, నాయినా. నా తప్పు ఇతని మీద ఏసి కొలువు పోగొట్టిన. ఇప్పుడు పోవద్దని బతిమాలుతున్న.”

దేవిదాస్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

“తప్పు నాదే అని ఈమె నోట ఇప్పటిదాంక వినలే బాబూ. మా ఇంటామెకు చెప్తే నమ్మది. సాక్ష్యానికి నువ్వు ఇంటిదాంక రావాలె.”

సిగ్గుతో భూమిక ముఖం కందిపోయింది. బయట కండక్టర్ విజిల్ వేశాడు. శ్రవణ్ గుమ్మంలోకి వెళ్లి, చేయి ఊపి బస్సును పొమ్మన్నాడు.